ఇంటి టీవీకి ఇంటి గోడలే హద్దా?

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. రిటైరయ్యాక వినియోగదారుల సంఘంలో పనిచేశారు. దూరం నుంచి చూసినవాళ్లకు ఇవి రెండు వేరువేరు జీవితాల్లా అనిపిస్తాయి. దగ్గర మసలినవాళ్లకు తెలుసు, రెండు చోట్లా ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: డబ్బిచ్చి కొన్నవాడి చేతికి చివరికి ఏం దక్కింది? యంత్రం ఎలా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చూపించాక, దాని మీద పెత్తనం ఎవరిదో కూడా చెబితేగాని ఆయన పాఠం ముగిసేది కాదు. అందుకే ఆయన పేరిట మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు ఒక యంత్రాన్నే ఎంచుకున్నాను. ఇంట్లో ఉన్న టీవీని ఊరవతల నుంచి చూడనిచ్చిన యంత్రం అది. దాన్నీ దాని తోబుట్టువులనూ వినోద పరిశ్రమ ఎందుకు అడ్డుకుంది, ఆ పోరులో ఎవరు గెలిచారు అన్నది ఇవాళ్టి విషయం.

ఆ యంత్రం పేరు స్లింగ్‌బాక్స్. మన దగ్గర దాన్ని చూసినవాళ్లు తక్కువ. అమెరికాలో బ్లేక్ క్రికోరియన్, జేసన్ క్రికోరియన్ అనే అన్నదమ్ములు 2004లో స్లింగ్ మీడియా అనే కంపెనీ పెట్టి, 2005 మధ్యలో దీన్ని అమ్మకానికి తెచ్చారు. ధర సుమారు 250 డాలర్లు. ఆ అన్నదమ్ములకు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టంటే ప్రాణం. పనుల మీద ఊళ్లు తిరుగుతుంటే ఆటలు చూడటం కుదిరేది కాదు. ఇంట్లో కేబుల్ ఉంది, నెలనెలా డబ్బు కడుతున్నారు, ఆట ఆ ఇంటి హాల్లోకి వచ్చి చేరుతోంది. చూడాల్సిన మనిషి మాత్రం వేరే ఊళ్లో హోటల్ గదిలో ఉన్నాడు. ఇంటిదాకా వచ్చినదాన్ని మనిషి ఉన్నచోటికి పంపడమే స్లింగ్‌బాక్స్ చేసిన పని.

దాని లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే బొమ్మనూ ధ్వనినీ అది తీసుకుంటుంది. ఇంటర్నెట్‌లో పట్టేంతగా కుదించి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదుగా బయటికి పంపుతుంది. అవతల లాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో ఉన్న సాఫ్ట్‌వేరు దాన్ని విప్పి చూపిస్తుంది. అక్కడ చానల్ మార్చమని నొక్కితే, ఇక్కడ ఇంట్లో సెట్‌టాప్ బాక్సు ముందు అమర్చిన చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం అచ్చం రిమోట్‌లాగే సంకేతమిచ్చి చానల్ మారుస్తుంది. ఒక బాక్సును ఒక సమయంలో ఒక్కరే దూరం నుంచి చూడగలరు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. ఒక సినిమాను వెయ్యిమందికి పంచిపెట్టే యంత్రం కాదిది. చందా కట్టినవాడి టీవీని చందా కట్టినవాడికే, అతనొక్కడికే చూపించే యంత్రం.

అయినా అభ్యంతరాలు వెంటనే వచ్చాయి. ప్రాంతాలవారీగా తాము అమ్ముకున్న ప్రసార హక్కులకు ఇది గండికొడుతుందని మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్రతినిధులు బాహాటంగానే అన్నారు. హెచ్‌బీవో కూడా పెదవి విరిచింది. ఆ తర్వాత టెలిఫోన్ కంపెనీ వంతు. 2009లో ఐఫోన్‌కు స్లింగ్ ప్లేయర్ యాప్ వచ్చినప్పుడు, తమ 3జీ నెట్‌వర్క్ మీద అది నడవడానికి ఏటీ అండ్ టీ ఒప్పుకోలేదు. వైఫై ఉన్నచోటే పనిచేసేలా యాప్‌ను కుదించి విడుదల చేయాల్సివచ్చింది. 2010 ఫిబ్రవరిలోగాని ఆ సంస్థ మెత్తబడలేదు.

పరిశ్రమ భయాన్ని మనం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దాని లెక్క ఏమిటో తెలుగువాళ్లకు చెప్పడం సులభం. మన సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఓవర్సీస్ అంటూ ఏరియాలవారీగా అమ్ముతారు. నైజాం హక్కు కొన్నవాడు గుంటూరులో ఆడించలేడు. ప్రతి కొనుగోలుదారుడూ తన ఏరియాలో పోటీ ఉండదన్న నమ్మకం మీదే అంత సొమ్ము పెడతాడు. అమెరికా టీవీ కూడా ఇలాగే కట్టిన ఇల్లు. ఏబీసీ, ఎన్బీసీ, సీబీఎస్, ఫాక్స్ లాంటి నెట్‌వర్కులకు ఊరూరా స్థానిక స్టేషన్లు ఉంటాయి. ఆ స్టేషన్ ఆ ఊరి దుకాణాల ప్రకటనలు వేసుకుని బతుకుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫర్నిచర్ దుకాణం ప్రకటనను చికాగో హోటల్లో కూర్చున్నవాడు చూస్తే ఆ దుకాణదారుకు ఒరిగేదేమీ లేదు. అదే సమయంలో అతను చికాగో స్టేషన్‌ను చూడటం మానేశాడు. ఒక్కడైతే ఫరవాలేదు, లక్షల మంది ఇలా చేస్తే ఏరియా అన్న మాటకే విలువ పోతుందన్నది వాళ్ల వాదన. 

ఈ వాదనలో నిజం ఉంది. అయితే దీన్ని పట్టి చూస్తే ఇంకొక నిజం బయటపడుతుంది. పరిశ్రమ అమ్ముతున్నది కార్యక్రమాన్ని మాత్రమే కాదు. ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా తెర మీద చూసే అవకాశాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ వేరే ధర కడుతోంది. కొత్త యంత్రం ఏదైనా సరే, ఆ ముక్కలను కలిపేస్తే అది దొంగ యంత్రం అయిపోతోంది. దొంగతనం అన్న మాట వెనక ఎన్నిసార్లు ఈ ఏరియాల లెక్క దాగి ఉందో ఇప్పుడు చెప్పబోయే కేసుల్లో మీరే చూస్తారు.

చోటు గురించే కాదు, వేళ గురించి కూడా గొడవ వచ్చింది. సోనీ బీటామాక్స్ వీడియో రికార్డరు 1975లో వచ్చింది. రాత్రి తొమ్మిదింటి కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని మర్నాడు చూసుకోవచ్చు. 1976లో యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు సోనీ మీద దావా వేశాయి. 1979లో కింది కోర్టు సోనీ పక్షాన తీర్పిచ్చింది. 1981లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. అమెరికా సుప్రీంకోర్టు ఒకసారి వాదనలు విని, తేల్చుకోలేక మళ్లీ వాదించమంది. చివరికి 1984 జనవరి 17న అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా సోనీ గెలిచింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే ఇంట్లో రికార్డు చేసుకోవడమే కాపీరైట్ ఉల్లంఘనై ఉండేది. 

ఆ మధ్యకాలంలో జరిగిన రెండు సంగతులు నాకు ఎప్పుడూ పక్కపక్కనే గుర్తొస్తాయి. 1982లో చలనచిత్ర సంస్థల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందుకు వచ్చి, వీడియో రికార్డరును ఒంటరి స్త్రీలను చంపిన బోస్టన్ హంతకుడితో పోల్చాడు. మరోవైపు సోనీ మీద వేసిన దావాలో, పిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ సాక్ష్యమిచ్చాడు. తన కార్యక్రమాన్ని తల్లిదండ్రులు రికార్డు చేసుకుని పిల్లలకు వీలైన వేళ చూపిస్తే తనకు ఏ అభ్యంతరమూ లేదన్నాడు. ఆ సాక్ష్యాన్ని సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావించింది. ఇద్దరూ ఆ పరిశ్రమవాళ్లే. ఒకరు హక్కుల లెక్క చూశారు, ఒకరు చూసే పిల్లవాణ్ణి చూశారు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఎనభైల చివరికి వీడియో క్యాసెట్ల మీద వచ్చే ఆదాయం హాలీవుడ్‌కు థియేటర్ల ఆదాయాన్ని మించిపోయింది. తమను చంపుతుందని కోర్టుకు ఈడ్చిన యంత్రమే స్టూడియోలను పోషించింది.

కేబుల్ కథ ఇంకా పాతది. అమెరికాలో 1940ల చివర కొండల మధ్య ఊళ్లకు టీవీ సిగ్నల్ అందేది కాదు. కొండ మీద ఒక పెద్ద యాంటెన్నా పెట్టి, అక్కడి నుంచి ఇళ్లకు తీగలు లాగినవాళ్లే మొదటి కేబుల్ వాలాలు. మా బొమ్మను మీరు డబ్బు తీసుకుని చూపిస్తున్నారని హక్కుదారులు దావాలు వేశారు. 1968లోనూ 1974లోనూ సుప్రీంకోర్టు కేబుల్ వైపే తీర్పిచ్చింది: బొమ్మను అందుకోవడానికి ప్రేక్షకుడికి సాయపడటం ప్రదర్శన కిందికి రాదు పొమ్మంది. అప్పుడు కాంగ్రెస్ పూనుకుని 1976 చట్టంలో ఒక దారి చూపించింది. కేబుల్ వాలా హక్కుదారు అనుమతి కోసం కాళ్లరిగేలా తిరగనక్కర్లేదు, చట్టం నిర్ణయించిన రుసుము కడితే చాలు. దీన్ని తప్పనిసరి లైసెన్సు అంటారు. రాసినవాడికీ తీసినవాడికీ డబ్బు వస్తుంది, చూసేవాడికి బొమ్మ వస్తుంది, మధ్యవాడు బతుకుతాడు. నా దృష్టిలో ఈ గొడవలన్నిటిలోకీ పెద్దమనిషి తరహా పరిష్కారం ఇదే. దురదృష్టం, ఇంటర్నెట్ వచ్చాక ఈ తలుపు మూసేశారు. అది, కాసేపట్లో చెప్పబోయే ఏరియో అనే సంస్థ కేసులో స్పష్టంగా కనపడుతుంది.

ఏరియో దగ్గరికి వెళ్లే ముందు మరో రెండు మాటలు. ప్రకటనలను దాటేసే రీప్లే టీవీ అనే రికార్డరును స్టూడియోలు 2001లో కోర్టుకు లాగాయి. కేసు తేలకముందే, 2003లో, దాన్ని తయారుచేసే కంపెనీ దివాలా తీసింది. న్యాయం ఎవరిదో తెలియకుండానే చిన్నవాడు పోయాడు. రెండోది, న్యూయార్క్ ప్రాంతపు కేబుల్ సంస్థ కేబుల్‌విజన్ 2006లో తలపెట్టిన పని. రికార్డరు ఇంట్లో ఉండనక్కర్లేదు, మా కార్యాలయంలో ఉంటుంది, మీరు రిమోట్‌తో మీ కాపీని మీరు చేసుకోండి అంది. కింది కోర్టులో న్యాయమూర్తి డెనీ చిన్ అది కుదరదన్నారు. 2008లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది: ఒక్కో చందాదారుకు ఒక్కో కాపీ, ఆ కాపీని చూసేది అతనొక్కడే, కనుక అది బహిరంగ ప్రదర్శన కాదంది. 

ఈ తీర్పును పట్టుకుని పుట్టిందే ఏరియో. దాన్ని పెట్టిన చైతన్య కనోజియా భోపాల్‌లో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లినవాడు. అమెరికాలో స్థానిక చానళ్లు గాలిలో ఉచితంగానే వస్తాయి. మేడ మీద యాంటెన్నా పెట్టుకుంటే ఎవరైనా చూడొచ్చు. న్యూయార్క్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాడికి ఆ మేడ లేదు. ఏరియో అతని బదులు యాంటెన్నా పెట్టింది. బ్రూక్లిన్‌లో ఒక భవనంలో చిన్న నాణెం అంత యాంటెన్నాలను వేలకొద్దీ వరసగా అమర్చింది. మీరు చూడాలని నొక్కిన క్షణాన ఒక యాంటెన్నా మీ కోసమే కేటాయింపు అవుతుంది. అది పట్టిన బొమ్మతో మీ పేరిట ఒక కాపీ తయారవుతుంది. దాన్ని ఇంటర్నెట్ మీద మీకు పంపుతారు. మొదట నెలకు 12 డాలర్లు తీసుకున్నారు. 2012 మార్చిలో సేవ మొదలుకాబోతుండగానే ఏబీసీ, సీబీఎస్, ఎన్బీసీ, ఫాక్స్ తదితర సంస్థలు దావా వేశాయి.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒక్క మంచి యాంటెన్నా పెట్టి, వచ్చిన బొమ్మను అందరికీ పంచితే ఎంతో తక్కువ ఖర్చుతో అయిపోయే పని అది. అయినా వేల యాంటెన్నాలు, వేల కాపీలు ఎందుకు? చట్టంలోని ఒక మాటకు లొంగి ఉండటానికి. పనికి కావలసిన యంత్రాన్ని కట్టనివ్వకుండా, కోర్టులో నిలబడే యంత్రాన్ని కట్టించింది చట్టం. ఇది ఇంజనీరు తప్పు కాదు. వృథా అయిన ప్రతి యాంటెన్నా ఆ చట్టం పాతబడిందనడానికి సాక్ష్యం.

2013లో అప్పీలు కోర్టు ఇద్దరు ఒకరుగా ఏరియోను సమర్థించింది. విభేదించిన ఒక్కరూ డెనీ చిన్, కేబుల్‌విజన్ కేసులో కింది కోర్టులో కూర్చున్న న్యాయమూర్తే. ఈ యాంటెన్నాల వరసకు చట్టాన్ని తప్పించుకోవడం తప్ప సాంకేతికంగా ఏ అర్థమూ లేదని ఆయన రాశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 జూన్ 25న ఆరుగురు ముగ్గురుగా ఏరియో ఓడిపోయింది. యంత్రం లోపల ఏం జరిగినా, ప్రేక్షకుడికి కనిపించేది కేబుల్ లాంటిదేననీ, 1976లో కాంగ్రెస్ అదుపులోకి తెచ్చింది ఇలాంటివాటినేననీ న్యాయమూర్తి బ్రయర్ తీర్పు. పోలికను బట్టి తప్పు మోపడం చట్టం కాదని న్యాయమూర్తి స్కాలియా అసమ్మతి తెలిపారు. మూడు రోజుల్లో సేవ ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగినదే నన్ను బాధించే భాగం. సరే, మేము కేబుల్ లాంటివాళ్లమే అంటున్నారు కదా, కేబుల్ వాళ్లకు 1976 చట్టం ఇచ్చిన తప్పనిసరి లైసెన్సు మాకూ ఇవ్వండి, రుసుము కడతాం అని ఏరియో అడిగింది. కాపీరైట్ కార్యాలయం ఇవ్వనంది. ఇంటర్నెట్ మీద పంపే సేవ ఆ లైసెన్సు కిందికి రాదంది. అదే సంవత్సరం అక్టోబరులో జిల్లా కోర్టు కూడా ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. తప్పు మోపడానికి కేబుల్, డబ్బు కట్టి బతకడానికి కాదు. నవంబరులో ఏరియో దివాలా పిటిషను వేసింది. డబ్బు ఎగ్గొట్టాడని నింద మోసినవాడు డబ్బు కడతానంటే ఒప్పుకోకపోవడంతో, గొడవ డబ్బు గురించి కాదని తేలిపోయింది.

జపాన్‌లో మరొక కథ నడిచింది. విదేశాల్లో ఉన్నవాళ్ల కథ కాబట్టి మనకు దగ్గరగా ఉంటుంది. సోనీ లొకేషన్ ఫ్రీ అనే పరికరం అమ్మేది, పని స్లింగ్‌బాక్స్ లాంటిదే. జపాన్ వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్లకు స్వదేశంలో పరికరం పెట్టుకునే ఇల్లు ఉండదు. మానెకి టీవీ అనే సేవ నడిపిన ఒక చిన్న సంస్థ, వాళ్లు కొన్న సొంత పరికరాలను టోక్యోలో తన గదిలో ఉంచి, యాంటెన్నా తీగ, ఇంటర్నెట్ తీగ కలిపి పెట్టింది. పరికరం చందాదారుదే. చూసేది అతనొక్కడే. ప్రసార సంస్థలు దావా వేశాయి. కింది కోర్టులు సేవ తప్పు కాదన్నాయి. 2011 జనవరిలో జపాన్ సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. పరికరానికి సిగ్నల్ అందించినవాడే ప్రసారకుడంది. అదే పరికరం అన్నయ్య ఇంట్లో ఉంటే తప్పు లేదు. కిరాయి గదిలో ఉంటే తప్పు. స్వదేశంలో ఇల్లున్నవాడికి హక్కు, లేనివాడికి నిషేధం. ఎంత చదివినా నాకు ఈ తేడాలో న్యాయం కనపడలేదు.

ఇల్లు దాటితేనే గొడవ అనుకునేవారి కోసం 2011 నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ మార్చిలో టైమ్ వార్నర్ కేబుల్ తన చందాదారులకు ఐప్యాడ్ యాప్ ఇచ్చింది. సొంత ఇంట్లో, సొంత వైఫై మీద, ఇప్పటికే డబ్బు కడుతున్న చానళ్లను ఐప్యాడ్‌లో చూడొచ్చు, అంతే. గడప దాటితే పనిచేయదు. వయాకామ్, డిస్కవరీ, ఫాక్స్ సంస్థలు ఒప్పుకోలేదు. తాము టీవీకి ఇచ్చామేగాని ఐప్యాడ్‌కు ఇవ్వలేదన్నాయి. ఆ నెలాఖరుకే కొన్ని చానళ్లను యాప్ నుంచి తీసేశారు. హాల్లోని తెరకు ఒక హక్కు, పడకగదిలోని తెరకు ఇంకో హక్కు. చోటును ముక్కలు చేయడం ఇంతవరకూ వెళ్లింది.

ఈ పోరు పత్రికలనూ వదల్లేదు. 2007లో ఎకోస్టార్ సంస్థ 380 మిలియన్ డాలర్లకు స్లింగ్ మీడియాను కొన్నది. దాని తోటి సంస్థ, ఉపగ్రహ టీవీ అందించే డిష్ నెట్‌వర్క్, ఆ సాంకేతికతను తన హాపర్ అనే బాక్సులో పెట్టింది. 2013 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో సీనెట్ వెబ్ పత్రిక సంపాదకులు ఈ హాపర్‌నే ఆ ఏటి మేటి వస్తువుగా ఎన్నుకున్నారు. సీనెట్ యజమాని అప్పట్లో సీబీఎస్. సీబీఎస్‌కూ డిష్‌కూ అప్పటికే హాపర్ మీద కోర్టు వ్యాజ్యం నడుస్తోంది. యాజమాన్యం ఆ ఎంపికను తీసేయించి వేరే వస్తువుకు బహుమతి ఇప్పించింది. సంగతి బయటపడ్డాక గ్రెగ్ శాండోవల్ అనే విలేకరి ఆ పత్రికలో సంపాదక స్వేచ్ఛ మీద నమ్మకం పోయిందంటూ ఉద్యోగం వదిలేశాడు. ప్రదర్శన నిర్వాహకులు హాపర్‌కూ ఉమ్మడి బహుమతి ప్రకటించి, ఆ బహుమతుల పనికి సీనెట్‌ను ఇక పిలవలేదు. టీవీ కార్యక్రమం ఎలా చూడాలన్న తగాదాలో ఒక పత్రిక పరువు పోయింది. ఆ విలేకరి పేరు మనం గౌరవంగా తలచుకోవాలి.

కోర్టులో మాత్రం డిష్ నిలబడింది. ఫాక్స్ వేసిన దావాలో 2015 జనవరిలో జిల్లా న్యాయమూర్తి డాలీ గీ, ఇంటి బాక్సు నుంచి చందాదారు తన బొమ్మను తనకే పంపుకోవడం బహిరంగ ప్రదర్శన కాదని తేల్చారు. ఏరియో తీర్పు వచ్చాకే ఈ మాట చెప్పారు. అంటే పదేళ్ల పాటు స్లింగ్‌బాక్స్ మీద పడిన అనుమానం చట్టరీత్యా తొలగిపోయింది.

మరి స్లింగ్‌బాక్స్ ఇప్పుడెక్కడ ఉంది? ఎక్కడా లేదు. 2020 నవంబరులో అమ్మకాలు ఆపేస్తున్నామని ప్రకటించారు. 2022 నవంబరు 9న సర్వర్లు ఆపేశారు. ఆ రోజు నుంచి ప్రపంచంలో ఉన్న ప్రతి స్లింగ్‌బాక్సూ, బాగా పనిచేస్తున్నది కూడా, మూగబోయింది. ఇంట్లో ఉన్న బాక్సుకూ చేతిలో ఉన్న ఫోన్‌కూ జత కుదర్చడానికి కంపెనీ సర్వరు కావాలి. అది పోతే యంత్రం పోయినట్టే. కొందరు ఔత్సాహికులు సొంతంగా సాఫ్ట్‌వేరు రాసుకుని తమ బాక్సులను మళ్లీ నడిపించుకున్నారు. సామాన్యుడికి ఆ దారి లేదు. 

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, హాట్‌స్టార్ వచ్చాక స్లింగ్‌బాక్స్‌తో పనేముంది అని చాలామంది అంటారు. నిజమే, అమ్మకాలు పడిపోవడానికి కారణం అదే. ఇక్కడే నా అసలు మాట చెప్పాలి. పరిశ్రమ కొత్త సాంకేతికతను ఓడించలేదు. దాన్ని తీసుకుంది, తాళంచెవులు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. స్లింగ్‌బాక్స్ కాలంలో యంత్రం మన ఇంట్లో ఉండేది, ఎక్కడ చూడాలో మనం నిర్ణయించుకునేవాళ్లం. ఇవాళ ఎక్కడైనా చూడొచ్చు అని ప్రకటన, ఎన్ని తెరల మీద, ఏ దేశంలో, ఎన్నాళ్లు అన్నది వాళ్ల నిబంధన. నిన్న ఉన్న సినిమా ఇవాళ ఉండదు. ఒకే చందా, ఊరు మారితే వేరే జాబితా. నలభై ఏళ్ల కిందట జాక్ వాలెంటి కాంగ్రెస్‌ను అడిగి పొందలేకపోయిన అదుపును ఏ చట్టమూ లేకుండానే సాఫ్ట్‌వేరు సంపాదించిపెట్టింది.

దక్షిణాదిన ఈ గొడవ మనకు పరిచయమే, థియేటరు రూపంలో. 2013లో కమల్‌హాసన్ తన విశ్వరూపం సినిమాను థియేటర్ల కన్నా ముందుగా డీటీహెచ్‌లో చూపిస్తానన్నప్పుడు తమిళనాడు థియేటర్ల యజమానులు ససేమిరా అన్నారు. ఆయన వెనక్కి తగ్గాల్సివచ్చింది. 2021లో నాని సినిమా టక్ జగదీష్ నేరుగా ప్రైమ్‌లో విడుదలవుతుందంటే తెలంగాణ థియేటర్ల యజమానులు ఆయన మీద బహిరంగంగా విరుచుకుపడ్డారు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చున్నప్పుడు, థియేటరుకూ ఓటీటీకీ మధ్య ఎన్ని వారాల ఎడం ఉండాలన్నది ప్రధాన చర్చల్లో ఒకటి. చిన్న ఊళ్లలో థియేటరు నడిపేవాడి కష్టం నాకు తెలుసు. కరెంటు బిల్లు, జీతాలు, ఖాళీ సీట్లు. అతని పక్షాన మాట్లాడేవాళ్లు ఉండాలి. వారాల ఎడం పరిశ్రమ తనలో తాను కుదుర్చుకునే ఒప్పందం, అది తప్పని నేననను. ఆ ఎడం పూర్తయి, చందా కట్టి కొన్న తర్వాత కూడా చూసేవాడి వెంట పడటమే నాకు అభ్యంతరం.

లైసెన్సు దారిలో వెళ్లినవాళ్లూ మనలో ఉన్నారు. తెలుగువాడైన ఉదయ్ రెడ్డి 2006లో మొదలుపెట్టిన యప్ టీవీ, చానళ్లతో ఒప్పందాలు చేసుకుని విదేశాల్లోని మనవాళ్లకు తెలుగు టీవీని ఇంటర్నెట్ మీద అందించింది. చానల్‌కు డబ్బు వచ్చింది, డాలస్‌లో మనవడి దగ్గర ఆరునెలలు ఉండే అమ్మమ్మకు సీరియల్ దొరికింది. దారి చూపిస్తే డబ్బు కట్టి చూసేవాళ్లే ఎక్కువ. దారి మూస్తేనే దొంగ సైట్లు పెరుగుతాయి. పైరసీని నేను ఏ రూపంలోనూ సమర్థించను. లైట్‌బాయ్ దగ్గర్నుంచి దర్శకుడిదాకా వందలమంది కష్టం అది. ఆ కష్టానికి కాపలాగా నిషేధం కన్నా అందుబాటు ధరలో న్యాయమైన దారే గట్టిగా నిలబడుతుందని బీటామాక్స్ నుంచి ఇప్పటిదాకా చరిత్ర చెబుతోంది.

ఇంటర్నెట్‌కు తలుపు మూసే పని మన దగ్గరా జరిగింది. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో 31డి సెక్షన్ వచ్చింది. రేడియో, టీవీ ప్రసార సంస్థలు నిర్ణీత రుసుము కట్టి పాటలు వాడుకోవచ్చు. ఇంటర్నెట్ సేవలకు ఇది వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. చట్టంలోని మాటలు అలా ఉన్నాయి కాబట్టి కోర్టును తప్పుపట్టలేం. మార్చాల్సింది చట్టాన్ని.

మార్చవచ్చని యూరప్ చూపించింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ఒక నిబంధన అమల్లో ఉంది. జర్మనీలో చందా కట్టినవాడు సెలవులకో పనికో స్పెయిన్ వెళ్తే, తన దేశంలో ఏం చూడగలడో అక్కడా అదే చూడగలగాలి. అదనపు రుసుము అడగకూడదు. హక్కుల పేచీ రాకుండా, అతను చూసింది తన సొంత దేశంలోనే అని చట్టం లెక్కగడుతుంది. తాత్కాలికంగా వెళ్లినవాడికే ఇది వర్తిస్తుంది, శాశ్వతంగా స్థిరపడినవాడికి కాదు. ఏరియాల వ్యాపారం అక్కడ కూలిపోలేదు. 2005లో ఇద్దరు అన్నదమ్ములు ఒక పెట్టెతో అడిగినది ఇదే.

అక్కడ అది ఇరవైకి పైగా దేశాలు ఒకే కూటమిగా ఉండటం వల్ల కుదిరింది. మన చట్టం ఒక్కటే అమెరికాలోనో గల్ఫ్‌లోనో హక్కులను మార్చలేదు, దేశాల మధ్య ఒప్పందాలు కావాలి. అయితే మొదలుపెట్టడానికి మన చేతిలోనే కొన్ని ఉన్నాయి. మన దేశపు సేవలు తాము సొంతంగా తీసిన సిరీస్‌లనూ సినిమాలనూ విదేశాలకు వెళ్లిన చందాదారుకు ఆపకూడదన్న నియమం పెట్టవచ్చు. సర్వరు ఆపేసే కంపెనీ, అమ్మిన పరికరం తనంతట తాను పనిచేసేందుకు కావలసిన సాఫ్ట్‌వేరును కొన్నవాడికి ఇచ్చిపోవాలని వినియోగదారుల చట్టం కింద అడగవచ్చు. ఇంటర్నెట్ ప్రసారాలకు కూడా న్యాయమైన రుసుముతో చట్టబద్ధ లైసెన్సు ఉండాలని కోరవచ్చు. ఆ రుసుములో రచయితకూ గాయకుడికీ నేరుగా వాటా చేరాలని కూడా కోరాలి.

ఈ సభలో లా చదువుతున్న పిల్లలు ఉన్నారు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు ఉన్నారు. మాస్టారు ఉండి ఉంటే మీ ఇద్దరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టేవారు. ఆయన పనిచేసిన వినియోగదారుల సంఘం ఇప్పటికీ నడుస్తోంది. మీరు కలిసి ఈ మూడు కోరికలకూ ముసాయిదా రాయండి, సంఘం తరఫున కేంద్ర ప్రభుత్వానికి పంపిద్దాం. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి వచ్చేవారి చేతికి ఆ ముసాయిదా అందాలని కోరుతున్నాను.